అప్పగింతలయ్యాక వచ్చే మనిషి

ఇంకా తలంబ్రాలే కాలేదు. పురోహితుడు నోరు కదుపుతున్నాడు గానీ మేళం మోతలో ఒక్క ముక్క వినపడదు, పెళ్లికొడుకు మెడలో దండ సర్దుకుంటాడు, మళ్లీ సర్దుకుంటాడు, కాటయ్య కెమెరా అతని మీది నుంచి కదలదు, కదిలించరా నాయనా, ఆ దండలో ఏముందని. ఎనిమిదేళ్ల కిందటి పెళ్లి మీద నాకిప్పుడు కోపం వస్తోంది. కోదాడలో, మిట్టమధ్యాహ్నం, ముక్కూ మొహం తెలియని వాళ్లింట్లో, ప్లాస్టిక్ వైర్ల కుర్చీలో కాలు ఊపుతూ కూర్చుని వాళ్లమ్మాయి సువర్ణ పెళ్లి క్యాసెట్టు మొదటి నుంచీ చూస్తున్నాను. నాకు కావలసింది పెళ్లి కాదు. పెళ్లయిపోయి, అప్పగింతలయ్యాక, టేపు చివర మిగిలి ఉందేమోనని ఆశపడుతున్న కాస్త ముక్క. గోప్యా గడప పక్కన గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు, కుర్చీ వేస్తే వద్దన్నాడు. అతని కూతురు జమున టీవీకి ఎంత దగ్గరగా పోవచ్చో అంత దగ్గరగా పోయి కూర్చుంది. పెళ్లికూతురి తల్లి వెంకటనర్సమ్మగారు మంచం మీద, రిమోట్ ఒళ్లో పెట్టుకుని, తెర మీదికి వచ్చే ప్రతి మనిషినీ మాకు పరిచయం చేస్తున్నారు. ఆ పసుపు చీర మా ఆడపడుచు, ఆ వెనక తల గోక్కుంటున్నది మా మరిది. నేను తల ఊపుతున్నాను. తలా ఊగుతోంది, కాలూ ఊగుతోంది.

కాస్త ముందుకు ఉరికిద్దామా అమ్మా అని ఇందాకే అడిగాను. ఆమె రిమోట్‌ను కొంగు కిందికి జరుపుకున్నారు. భర్త మైసయ్యగారు పోయి రెండేళ్లట, చిన్నప్పుడెప్పుడో ఎద్దుల బండి చక్రం కాలి మీదెక్కితే బతికినంత కాలం కుంటుతూనే నడిచారట, క్యాసెట్టులో ఆయన ఇటు వంటల దగ్గరికీ అటు విడిది దగ్గరికీ తిరుగుతూనే ఉంటారు. "ఉరికిస్తే ఆయన గెంతుతున్నట్టుంటుంది బాబూ. చూసేవాళ్లకి నవ్వొస్తుంది. నేను చూడలేను" అన్నారు. క్యాసెట్టు గడప దాటదని కూడా ముందే చెప్పేశారు, వియ్యాలవారు ఒకసారి పట్టుకుపోయి ఎన్నాళ్లకూ తిరిగివ్వలేదట, అప్పటి నుంచి ఎవరు చూసినా ఇక్కడే. నేను ఆమెకు చెప్పిన అబద్ధం ఏమిటంటే, పాత క్యాసెట్లకు బూజు పడుతోంది, మావాళ్లు తీసినవన్నీ మళ్లీ చూసి, బూజుంటే కడిగిచ్చి, ఇంకో కాపీ చేసిస్తున్నాం అని. నిజం ఎలా చెప్పను. అమ్మా, మీ అమ్మాయి పెళ్లి తీసిన టేపు అంతకుముందు దయ్యాల టేపు, మీ పసుపు కుంకుమల కింద ఒక దయ్యం ఉంది, ఆ దయ్యం వేషం వేసినామె కూడా ఇప్పుడు లేదు, వీళ్లు ఆమె మొగుడూ కూతురూ అని చెప్పనా? చెబితే ఏ ఇల్లాలైనా ముందు ఆ క్యాసెట్టును పొయ్యిలో పెడుతుంది, తర్వాత మమ్మల్ని వీధిలో పెడుతుంది. పెళ్లికి పోతూ పిల్లిని చంకన పెట్టుకుపోయినట్టు అంటారు, మా కాటయ్య దయ్యాన్నే పెట్టుకుపోయాడు. వీళ్లెప్పుడైనా చివరిదాకా చూసి ఉంటే? చూసి ఉండరు. అప్పగింతల్లో ఏడ్చి, ముక్కు చీది, టీవీ కట్టేసి ఉంటారు. ఎవరైనా అంతే చేస్తారు.

తలంబ్రాలు మొదలయ్యాయి, బతికించారు. బియ్యం అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు. పెళ్లికూతురు సిగ్గు మరిచి రెండు చేతులతో కుమ్మరిస్తోంది, జమున నవ్వింది, ఈ పిల్ల నవ్వడం పొద్దున బస్సెక్కినప్పటి నుంచి ఇదే మొదలు. ఈ కాటయ్యది మిర్యాలగూడ, భుజం మీద పెట్టుకునే వీడియో కెమెరా ఆ చుట్టుపక్కల మొదట కొన్నది అతనే, నాకేమో సూర్యాపేటలో వీడియో హాలు, హాలంటే పెద్ద మాట, రేకుల షెడ్డు, చాపలు, ఒక టీవీ, ఒక వీసీఆర్, కిటికీలకు గోనె సంచులు. ఏ సినిమా వేసినా జనం మధ్యలో లేచి బీడీ కాల్చడానికి పోయేవారు, దయ్యాల క్యాసెట్టు వేస్తే మాత్రం ఒకరి మీద ఒకరు పడి కదలకుండా కూర్చునేవారు. భాష తెలియని దయ్యాలకే ఇంత భయపడితే మన కాలువ కట్ట దయ్యాలకు ఎంత భయపడతారు అనుకున్నాను, అంతే, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం, కథ కూడా లేకుండానే నేను డైరెక్టర్ లింగస్వామినైపోయాను. సూర్యాపేట బస్టాండులో ఆఖరి బస్సు తప్పిపోయిన ముగ్గురు కూర్చుని తలా ఒక కథ చెప్పుకుంటారు. హైవే మీద చచ్చిపోయిన లారీ డ్రైవరు వచ్చేపోయే లారీలకు తప్పుదారి చూపించడం ఒకటి. రైసుమిల్లులో ఊక కుప్ప కింది నుంచి రోజుకో చెప్పు బయటపడటం ఒకటి. మూడోది కాలువ కట్ట మీద, బిందె నెత్తికెత్తమని దారిన పోయేవాళ్లను పిలిచే ఆడమనిషి. నేను పెట్టిన పేరు ఇప్పుడెవరికీ గుర్తులేదు, మూడు దయ్యాల క్యాసెట్టు అనే అందరికీ తెలుసు. కెమెరా చీకట్లో గుడ్డిది. అందుకని పట్టపగలు ఎండలో నిలబడి, పండ్ల బుట్టలకు చుట్టే నీలం గాజు కాగితం లెన్సు ముందు పెట్టి తీసేవాళ్లం, ఎండ కాస్తా వెన్నెలయ్యేది, మేం మాత్రం చెమటలు కక్కేవాళ్లం. కాటయ్యకు పెళ్లిళ్ల అలవాటు, కెమెరా ఆపడు, కాసేపు ఆపితే దానంతటదే పడుకుంటుంది, లేపాలంటే బ్యాటరీ తింటుంది అనేవాడు. ఆ అలవాటు మీదే ఇప్పుడు నా ఆశంతా.

ఏడడుగులు. పెళ్లికొడుకు చిటికెన వేలు పట్టుకుని నడిపిస్తుంటే వెనకాల మైసయ్యగారు, అరుగో ఆయన, కుంటుతూ వచ్చి ఎవరి చెవిలోనో ఏదో చెప్పి కుంటుతూ పోయారు, వెంకటనర్సమ్మగారు ఈసారి పరిచయం చేయలేదు. గోప్యా తల పైకెత్తడం లేదు. తెర మీద ఎవరు వచ్చినా అతను జమున వీపునే చూస్తున్నాడు. నడిగూడెం అవతల కాలువ మీద మేం మూడో కథకు స్థలం చూస్తుంటే, పక్క మళ్లలో నాట్లు వేయడానికి మోతె దగ్గరి తండా వాళ్లు వచ్చి ఉన్నారు. దయ్యం వేషానికి ఒప్పుకున్న మా మేకప్ మనిషి తమ్ముడికి చీర కట్టి, దయ్యం ఎలా నడవాలో నేనే నడిచి చూపిస్తుంటే, నాట్లలోంచి ఒకామె నడుము పట్టుకుని నవ్వింది. అట్ల నడిస్తే దయ్యం కాదు, కడుపునొప్పి అన్నది. సరే నువ్వు నడువు చూద్దాం అన్నాను రోషంగా. బురద కాళ్లతో కట్ట ఎక్కి, ఖాళీ బిందె పక్కన పెట్టుకుని, ఊరికే నిలబడింది. నడవలేదు. ఎవరో రావాల్సిన వాళ్లు ఇంకా రాలేదన్నట్టు నిలబడింది, అంతే. మేకప్ మనిషి తమ్ముడు చీర విప్పి ఇచ్చేశాడు. ఆమె మంగ్లీ. గోప్యా భార్య.

భోజనాలు. ఇది మరీ అన్యాయం. ఒక్కొక్క విస్తరి ముందూ కెమెరా ఆగుతోంది, తినేవాడు నమలడం ఆపి కెమెరా వైపు చూస్తాడు, కెమెరా పోయాక మళ్లీ నములుతాడు, ఊరంతా ఇలాగే తిన్నారు, నా పళ్లు నేనే నూరుకుంటున్నాను, ఈ పప్పు, ఈ వంకాయ, ఈ నమిలే దవడలు ఎంత పొడవుంటే చివరి ముక్క అంత కురచ అవుతుంది. టేపు ఎంతో అంతే కదా, పెళ్లి ఎంత తింటే మంగ్లీకి అంత తక్కువ. తిని లేవండయ్యా. కట్ట మీద తెల్లచీర కట్టమంటే మంగ్లీ కట్టింది, మొహానికి పిండి రాయమంటే రాయించుకుంది, చేతి నిండా మోచేయి దాటి ఉన్న గాజులు తీయమంటే తీయనన్నది, చెవుల పక్కన జడలకు అల్లుకున్న వెండి గజ్జెల్లాంటి నగలున్నాయి చూడండి, ఘుగ్రీలు, అవి అసలే తీయనన్నది. వాళ్లలో అవి పెళ్లయిన ఆడదానికే, తీయడమంటే మొగుడు పోవడమే. దయ్యానికి నగలేమిటమ్మా అని నేను నెత్తి కొట్టుకున్నాను. ఆమె చెయ్యి చాపి, కెమెరా పక్కన చేతులు కట్టుకుని చూస్తున్న గోప్యాను చూపించింది.

"మొగడు గీడ నిలబడి సూస్తాంటే నేనెట్ల తీస్త సార్? నీ ఆట నువ్వు ఆడుకో. ఇవి మాత్రం రావు."

గాజులకు చీర కొంగు కప్పాం. ఘుగ్రీలకు ఏం కప్పుతాం, చెవుల పక్కన తళతళ మెరుస్తున్నాయి, దాంతో జుట్టు విప్పించి మొత్తం మొహం మీదికి వేయించాను. నగలు దాయడానికి వేసిన జుట్టు మొహాన్నే మింగేసింది. కాటయ్య నీలం కాగితం పెట్టి చూసి, అన్నా ఒకసారి నువ్వూ చూడు అన్నాడు, చూశాను, ఆ ఎండలో నా వెన్నులో చలి పుట్టింది. మొహం లేని దయ్యం, మధ్య మధ్యలో కొంగు కింద గాజుల గలగల, తుమ్మచెట్టుకు కట్టిన ఉయ్యాల్లోంచి వాళ్ల పసిపిల్ల కేరుమనడం. ఆ ఏడుపు సౌండులో పడుతోందని నేను విసుక్కున్నాను గానీ, తర్వాత మిర్యాలగూడలో ఆట వేస్తే ఆ ఏడుపుకే ఇద్దరు లేచి బయటికి పరుగెత్తారు. ఎంత గర్వపడ్డానో. మొహం చూపించకుండా భయపెట్టిన మొనగాణ్ణి నేనే అనుకుంటూ తిరిగాను. ఆ వానాకాలమే మంగ్లీకి జ్వరం వచ్చింది, సూర్యాపేట దవాఖానకు తీసుకొచ్చేసరికే మాట పడిపోయిందట, నాకు చాలా రోజులకు గానీ తెలియలేదు. తెలిసినప్పుడు కూడా అయ్యో అనుకుని, మళ్లీ నా హాలు పనిలో పడ్డాను. ఆ ఉయ్యాల్లోని పిల్లే ఈ జమున.

విస్తళ్లు లేచి అప్పగింతలు మొదలయ్యాయో లేదో ఫట్‌మని తెర నల్లబడింది, ఫ్యాన్ ఆగింది. కరెంటు. గోరుచుట్టు మీద రోకటి పోటు. బయట ఎక్కడో ఆడుతున్న పిండిమర కూడా ఆగినట్టుంది, ఉన్నట్టుండి అందరి ఊపిర్లూ వినపడుతున్నాయి. జమున వెనక్కి తిరిగి తండ్రిని కాదు, నన్ను అడిగింది. "అమ్మ ఎప్పుడొస్తది?" వెంకటనర్సమ్మగారు విన్నారు. విని, పిల్ల ఇంటి దగ్గర వదిలి వచ్చిన తల్లి మీద బెంగ పెట్టుకుందనుకున్నారు, వస్తుందిలే తల్లీ, నువ్వు వెళ్లేసరికి గుమ్మంలోనే ఉంటుంది అని విసనకర్రతో దానికి విసురుతున్నారు. గోప్యా గడప మీది రంగు పెచ్చును గోటితో గీకుతున్నాడు. పోయిన వారం నా దుకాణానికి వచ్చినప్పుడు కూడా ఇలాగే కౌంటరు చెక్కను గీకుతూ నిలబడ్డాడు. వీడియో హాలు మూతపడి నేనిప్పుడు క్యాసెట్లు కిరాయికిస్తున్నాను, అది కూడా ఎన్నాళ్లో, డిష్షుల వాళ్లు వీధి వీధికీ వైర్లు లాగుతున్నారు. ఏం కావాలి గోప్యా అన్నాను.

"అమ్మ ఎట్లుండె అని పిల్ల అడుగుతాంది సార్. నీ లెక్కనే ఉండె అన్న. నేనెట్లున్న అంటది. ఇగ నాకు చెప్పొస్తలేదు."

ఫొటో? లేదు. ఎవరు తీస్తారు, ఎప్పుడు తీస్తారు. మంగ్లీ ఈ భూమ్మీద ఒక్కసారే కెమెరా ముందు నిలబడింది, ఆ ఒక్కసారీ మొహం నిండా జుట్టేసుకుని నిలబడింది, నేనే వేయించాను. మూడు దయ్యాల క్యాసెట్టు తీసి చూస్తే ఇన్ని వానాకాలాల చెమ్మకు తెల్లగా బూజు పట్టి ఉంది, తుడిచి పెడితే గీతలు, ఆగని గీతలు, అయినా బాగుంటే మాత్రం ఏముంది, జుట్టే కదా. అప్పుడు గుర్తొచ్చింది కాటయ్య అలవాటు. కత్తిరింపుకు ముందు టేపులో, షాటుకూ షాటుకూ మధ్య, జుట్టు వెనక్కి తోసుకుని ఆమె నీళ్లు తాగి ఉండదా, నవ్వి ఉండదా. మిర్యాలగూడ పరుగెత్తాను. కాటయ్య బుర్ర గోక్కుని, ఖాళీ టేపు లేక ఆ ఎండాకాలం దాని మీదనే కోదాడ పెండ్లి తీసి ఇచ్చిన అన్నా, పెండ్లి జర తొందరగనే ముగిసింది, చివర ఏమన్న మిగిలితే మిగిలుంటది, ఒట్టేసి మాత్రం చెప్పలేను అన్నాడు. నేనూ గోప్యాకు ఒట్టేసి చెప్పలేదు. అయినా అతను తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు, పిల్లకు తల నున్నగా దువ్వి రిబ్బన్లు కట్టి తెచ్చాడు. ఎవరినో కలవడానికి వెళ్తున్నట్టు.

కరెంటు వచ్చింది. టేపు ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే అప్పగింతలు. సువర్ణ ఏడుస్తోంది, తల్లి ఏడుస్తోంది, ఇక్కడ మంచం మీద ఇంకోసారి ఏడుస్తోంది, కారు బానెట్ మీద పూలు, ఎవరో కొబ్బరికాయ కొట్టారు. కారు కదిలింది. మైసయ్యగారు దాని వెంట కుంటుతూ నాలుగడుగులు వేసి, చెయ్యెత్తబోయి, ఎత్తకుండానే ఆగిపోయారు. ఎంత నెమ్మదిగా నడిచారు మహానుభావుడు. ఉరికించనివ్వనందుకు నాకు ఆమె మీద ఉన్న చిరాకంతా అక్కడే పోయింది. కారు పోయింది, దుమ్ము మిగిలింది, దుమ్ము పోయి తెర నిండా చుక్కలు, బుస్సుమని శబ్దం. అయిపోయింది. ఇక ఆమె రిమోట్ ఎత్తుతుంది, నొక్కుతుంది, నొక్కకముందే ఏదో ఒకటి చెప్పాలి, అమ్మా చివరిదాకా చూస్తే గానీ బూజు తెలియదు అని చెప్పాలి, లేచి నిలబడ్డాను.

"కూర్చోండి బాబూ, అప్పుడే లేస్తారేంటి. మా నవ్వులావిడ రావాలి కదా" అన్నారు వెంకటనర్సమ్మగారు.

నాకు అర్థం కాలేదు. తెర నీలమైంది. కాలువ, కట్ట, బిందె, తెల్లచీర, జుట్టు. మొహం లేదు. గాజుల చప్పుడు వినగానే గోప్యా మోకాళ్ల మీదికి లేచాడు. నేను కళ్లు మూసుకోబోయాను, ఇదే మిగిలి ఉంటే ఏం చేయను, పిల్లకు ఏం చెప్పను. అంతలో తెర మూలన కాటయ్య వేలు పెద్దగా, మసకగా వచ్చింది, గాజు కాగితాన్ని పక్కకు లాగింది. ఎండ. ఒక్కసారిగా పచ్చటి వరిమళ్లు, ఎర్రమట్టి కట్ట, మామూలు పగలు. మంగ్లీ రెండు చేతులతో జుట్టు వెనక్కి తోసుకుంది. పిండి సగం చెమటకు కారిపోయి ఉంది, ఘుగ్రీలు ఊగుతున్నాయి, ముక్కు పుడక, పైపెదవి మీద చిన్న గాటు, నాకు గుర్తే లేదు ఆ గాటు. నవ్వింది. నేను ఇంకోసారి దయ్యంలా నడిచి చూపించినట్టున్నాను, నా భుజం ఒకటి అడ్డంగా పోయింది, అందుకే నవ్వింది. నవ్వుతూనే కెమెరా పక్కకు చూసి, గడ్డం ఇంత ఎగరేసి, తమ భాషలో ఏదో అన్నది. మళ్లీ చుక్కలు. టేపు కటుక్కుమని ఆగి దానంతటదే వెనక్కి తిరగడం మొదలుపెట్టింది.

వెంకటనర్సమ్మగారు కళ్లు తుడుచుకుని చెబుతున్నారు, ఎవరో తెలియదు బాబూ, మా వాళ్లు కాదు, మగపెళ్లివారి తాలూకు అనుకుంటే వాళ్లేమో మీ వాళ్లే అంటారు, కాలువలో తలంటుకుని జుట్టు ఆరబెట్టుకుంటుంటే మీ కాటయ్య తీశాడు కాబోలు, అప్పగింతలు చూసి ఏడ్చినప్పుడల్లా ఆవిడ వచ్చి నవ్వించి పోతుంది, ఆయనైతే ఆవిడ వచ్చేదాకా టీవీ కట్టనిచ్చేవారు కాదు. ఎనిమిదేళ్లుగా. మొహం లేని దయ్యమని నేను గర్వంగా తిరిగినన్నాళ్లూ ఈ ఇంట్లో ఆమె మొహం అందరికీ తెలుసు. నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు. గోప్యా అప్పటికి లేచి వచ్చి జమున వెనక నిలబడ్డాడు.

"నా పెండ్లాం" అన్నాడు. "ఆ యేడే పోయింది. ఈ పిల్లకు చూపెడుదామని తెచ్చిన."

ఆమె చేతిలోని విసనకర్ర ఆగింది. ఆమె జమునను చూశారు, ఖాళీ తెరను చూశారు, మళ్లీ జమునను చూశారు. పొయ్యి గుర్తొచ్చి నేను ఒక అడుగు క్యాసెట్టు వైపు వేశాను. ఆమె నన్ను పట్టించుకోలేదు. పిల్లను దగ్గరికి లాక్కుని, నుదుటి మీది వెంట్రుకలు వెనక్కి దువ్వి, ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు చూసుకోండి, ఇంకోటి చేసుకుని తీసుకెళ్లండి అన్నారు. తర్వాత కాస్త మొహమాటంగా గోప్యాను అడిగారు.

"ఒక్క సందేహం నాయనా. చివర్లో ఏదో అంటుంది కదా. ఏమంటుందో మాకెవరికీ తెలీదు. ఆయన కూడా తెలుసుకోకుండానే పోయారు."

గోప్యా ఖాళీ తెర వైపు చూశాడు.

"నన్నే అడుగుతాంది. నేను కెమెరా పక్కకే ఉన్న. ఉయ్యాల్ల పిల్ల లేసిందా, సూడు అంటాంది."

క్యాసెట్టు వెనక్కి తిరగడం ఆగింది. వెంకటనర్సమ్మగారు ఈసారి తనే రిమోట్ ఎత్తి ముందుకు ఉరికించారు. తెర నల్లగానే ఉంది, లోపల పెళ్లంతా పరుగెడుతోంది, ఆమె కొలత కొలిచినట్టు ఆపి నొక్కారు. నీలం. వేలు. ఎండ. జుట్టు వెనక్కి పోయింది, మంగ్లీ నవ్వింది, పక్కకు చూసి అడిగింది. జమున లేచి తెరకు ఎదురుగా నిలబడింది. గోప్యా కూతురి తల మీద చెయ్యి వేసి, తెర వైపు చూసి, వాళ్ల భాషలో ఒక్క మాట అన్నాడు. ఎవరూ అడగకుండానే మాకోసం తెలుగులో కూడా చెప్పాడు.

"లేసింది అంటున్న."